లాంగ్‌బో బాణం ప్లేట్ కవచాన్ని చీలుస్తుందా? మన ఆటలో విల్లు, కవచం లెక్కలపై చర్చ

కోటగోడ_డీఎం

రెండేళ్లుగా ప్రతి శనివారం రాత్రి ఆన్‌లైన్‌లో డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, ఒక్కొక్కరం ఒక పాత్రగా పాచికలతో ఆడే కథల ఆట) అయిదో ఎడిషన్‌ని డీఎంగా, అంటే కథ చెప్పేవాడిగా, నడిపిస్తున్నాను, 2014 పుస్తకాలతో. ఆరుగురం. నలుగురం హైదరాబాద్, ఒకరు విశాఖ, ఒకరు డాలస్. మా కథ జరిగే లోకం 15వ శతాబ్దపు ఫ్రాన్స్‌లా ఉంటుంది, దానికి కొంత మాయ కలిపాం. మాటలన్నీ తెలుగులోనే.

పోయిన వారం గొడవ అయింది. మా ఎల్ఫ్ (అడవిజాతి) విలుకాడికి స్ట్రెంగ్త్ (బలం) 8, డెక్స్టెరిటీ (చేతివాటం) 20. షార్ప్‌షూటర్ అనే ప్రత్యేక నేర్పు (ఫీట్) ఉంది కాబట్టి లాంగ్‌బోతో, అంటే మనిషంత పొడవు విల్లుతో, 600 అడుగుల దూరం నుంచి, అంటే దాదాపు 180 మీటర్ల నుంచి, ఇబ్బంది లేకుండా కొడతాడు. నిలువెల్లా ప్లేట్ (ఇనుప పలకల కవచం) వేసుకున్న శత్రు నాయకుడిని ఆరు సెకన్ల రౌండ్‌లో రెండు బాణాలతో పడగొట్టాడు. అవతలివాడి ఏసీ (దెబ్బ తగలాలంటే దాటాల్సిన అంకె) 18 అయినా, మావాడి నేర్పు అంకెలు కలుస్తాయి కాబట్టి 20 ముఖాల పాచిక మీద 8 పడితే చాలు. మా జట్టులోనే ప్లేట్ వేసుకునే నైట్ (కవచం తొడిగిన గుర్రపు వీరుడు) పాత్ర ఆడే అమ్మాయికి ఇది బాగా బాధ కలిగించింది. "1500 బంగారు నాణేలు పోసి కొన్న కవచం ఇంతేనా? నా స్ట్రెంగ్త్ 15 లేకపోతే దీన్ని వేసుకుని సరిగా నడవనివ్వరు. వాడి విల్లు మాత్రం ఏ బలమూ అడగదా?" అంది. నా దగ్గర సమాధానం లేదు.

నిజంగా విల్లు పట్టినవాళ్లు, కవచం వేసుకున్నవాళ్లు, రూల్స్ మార్చి ఆడినవాళ్లు ఎవరైనా ఉంటే మీ అనుభవం చెప్పండి.

బెజవాడ_రికర్వ్

ఆ అమ్మాయి అడిగింది న్యాయం అన్నా.

నేను విజయవాడలో ఎనిమిదేళ్లు ఆర్చరీ నేర్చుకున్నాను. మొదటి ఏడాది 20 పౌండ్ల విల్లే ఇచ్చారు, అంటే నారి లాగడానికి అంత బలం పట్టేది. నాలుగేళ్ల తర్వాత 38కి వచ్చాను. పోటీల్లో 70 మీటర్ల దూరానికి 72 బాణాలు వేయాలి. అరవై దాటాక ముందు పోయేది గురి కాదు, వీపు కండరాలు లొంగిపోతాయి. అప్పుడు గురి పోతుంది. బయటివాళ్లకు కనిపించేది కన్ను, చేతివాటం. లోపల జరిగేది భుజాల పని.

చదువుకోసం ఇంగ్లండ్ వెళ్లినప్పుడు ఒకాయన తన 90 పౌండ్ల, యూ అనే చెట్టు కర్రతో చేసిన లాంగ్‌బో చేతికిచ్చాడు. ఎనిమిదేళ్ల అనుభవం ఉంది కదా అని లాగాను. నారి నా ఛాతీ దాకా కూడా రాలేదు. ఆయన నవ్వకుండా పక్కకు వచ్చి, చేత్తో లాగకు, ఒళ్లంతా విల్లులోకి వాల్చు అని చూపించాడు. అయినా రాలేదు.

ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ ఓడ మేరీ రోజ్ 1545లో మునిగింది. 1982లో పైకి తీశారు. అందులో 170కి పైగా లాంగ్‌బోలు, 3,500కి పైగా బాణాలు దొరికాయి. ఆ విల్లుల బలం 100 నుంచి 185 పౌండ్ల దాకా ఉండేదని అంచనా. 160 పౌండ్లంటే 72 కిలోలు. మూడు 25 కిలోల బియ్యం బస్తాల బరువుని మూడు వేళ్లతో చెవి దాకా లాగడం అన్నమాట. ఓడలో దొరికిన అస్థిపంజరాల్లో మామూలు కంటే ఎక్కువమందికి భుజం ఎముక చివరి ముక్క పూర్తిగా అతుక్కోలేదు. చిన్నప్పటి నుంచి బరువైన విల్లు లాగడమే కారణమని అధ్యయనం చేసినవాళ్లు భావించారు.

స్ట్రెంగ్త్ 8 ఉన్నవాడు ఆ విల్లుకి నారి కూడా ఎక్కించలేడు. మన కథలు ఈ విషయం ఎప్పుడో చెప్పాయి. సీతా స్వయంవరంలో పరీక్ష గురి కాదు, విల్లు ఎక్కుపెట్టడం. ద్రౌపది స్వయంవరంలో కూడా ముందు విల్లు వంచాలి, మత్స్యయంత్రం ఆ తర్వాతే.

ఇంకొకటి. విలుకాళ్లంతా నారి లాగి పట్టుకుని నిలబడితే, సేనాపతి "ఆగండి, ఆగండి" అంటూ ఉండే సీన్ దయచేసి పెట్టకండి. 38 పౌండ్లనే పది సెకన్లు పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది.

ఇనుప_చొక్కా

నాటింగ్‌హామ్‌లో ఉద్యోగం. ఆరేళ్లుగా ఇక్కడి ఒక మధ్యయుగ యుద్ధ ప్రదర్శన బృందంలో ఉన్నాను. కవచం గురించి నేను చెప్తాను.

నా గొలుసు కవచం 11 కిలోలు. మొదటి రోజు నడుముకి బెల్టు కట్టుకోవాలని తెలియక బరువంతా భుజాల మీదే మోశాను, సాయంత్రానికి చేతులు పైకి లేవలేదు. బెల్టు బిగిస్తే సగం బరువు తుంటి మీదకి దిగుతుంది. పూర్తి ప్లేట్ 20 నుంచి 25 కిలోలు ఉంటుంది. కానీ ఒంటికి తగ్గట్టు చేసింది అయితే బరువు ఒళ్లంతా పంచుకుంటుంది కాబట్టి గొలుసు చొక్కా కంటే తేలిగ్గా అనిపిస్తుంది. పడితే లేవలేరు, క్రేన్‌తో గుర్రం ఎక్కించేవారు అన్నవి అబద్ధాలు. బూసికో అనే ఫ్రెంచ్ మార్షల్ కవచం వేసుకుని పిల్లిమొగ్గలు వేసేవాడని ఆయన జీవితచరిత్రలో రాశారు. నేను మొగ్గ వేయలేదు గానీ పరుగెత్తాను, నిచ్చెన ఎక్కాను.

అసలు కష్టం బరువు కాదు, ఊపిరి. హెల్మెట్ ముఖకవచం దించితే మన వేడి గాలే మనకి తిరిగి వస్తుంది. ముందు ఒక సన్నని చీలిక, అంతే. కాళ్ల దగ్గర ఏముందో కనిపించదు, పక్కన ఎవరు అరుస్తున్నారో సరిగా వినబడదు. మూడు నిమిషాలు గట్టిగా కొట్లాడాక ప్రతివాడికీ ఒకటే కోరిక, ముఖకవచం పైకెత్తి గాలి పీల్చుకోవాలని.

మా ప్రదర్శనల్లో తక్కువ పౌండ్ల విల్లుతో, రబ్బరు మొనలున్న బాణాలు వేస్తారు. ప్రమాదం లేదని తెలుసు. అయినా ఒకటి వచ్చి హెల్మెట్‌కి తగలగానే తల దానంతట అదే వంగిపోతుంది. ఆ శబ్దం అలాంటిది. వందల బాణాలు వస్తుంటే తల వంచుకుని, ఏమీ చూడకుండా నడవాల్సిందే. మీ ఆటలో బాణాల ప్రభావం చూపించాలంటే ఇక్కడ చూపించండి.

గొలుసు కవచం కింద మందంగా పొరలు పొరలుగా కుట్టిన గుడ్డ కవచం ఉంటుంది, గాంబెసన్ అంటారు. ఆటల్లో దాన్ని అన్నిటికంటే చవకదిగా పక్కన పడేస్తారు. నిజానికి పేద సైనికుడికి అదే ప్రాణం. పుస్తకంలో రాసిన స్టడెడ్ లెదర్‌కి మాత్రం మధ్యయుగ ఐరోపాలో ఆధారం లేదు. పాత బొమ్మల్లో గుడ్డ మీద కనిపించే మేకుల తలలు లోపలి ఇనుప పలకల్ని పట్టుకునేవి. వాటిని తోలు మీద అలంకారం అనుకోవడం వల్ల పుట్టిన కవచం అది.

కోటగోడ_డీఎం

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. మరి ప్లేట్ మీద బాణం పనే చేయదా? అలా అయితే ఫ్రెంచ్ నైట్లు ఇంగ్లిషు విలుకాళ్ల చేతిలో అజింకోర్ యుద్ధంలో ఎలా ఓడిపోయారు?

రాతిశాసనం

ముందు పరీక్ష సంగతి. 2019లో ఇంగ్లండ్‌లో ఆయుధాలు తయారుచేసే ఒక నిపుణుడు, విలుకాడు, కవచకారుడు, చరిత్రకారుడు కలిసి 160 పౌండ్ల విల్లుతో 25 మీటర్ల నుంచి, 1415 నాటి నమూనాలో చేయించిన ఎదపలక మీద బాణాలు వేశారు. ఒక్కటీ పలకను చీల్చి లోపలికి పోలేదు. బాణాలు ముక్కలయ్యాయి. కానీ ఆ ముక్కలు పైకి ఎగిరి గొంతు దగ్గరకి వెళ్లాయి. ఎదపలక పైభాగాన వి ఆకారంలో పట్టీ ఎందుకు ఉండేదో అక్కడ అర్థమవుతుంది. పలక లేని చోట గొలుసు అల్లికని మాత్రం బాణం దాటింది.

గొలుసు కవచం గురించి పాత సాక్ష్యాలు రెండు వైపులా ఉన్నాయి. వేల్స్‌లో ఒక బాణం నైట్ తొడని, కవచాన్ని, జీనుని దాటి గుర్రాన్ని చంపిందని 12వ శతాబ్దంలో గెరాల్డ్ ఆఫ్ వేల్స్ రాశాడు. అదే శతాబ్దం చివర, 1191 నాటి పోరు గురించి, క్రైస్తవ క్రూసేడర్లతో పోరాడిన సుల్తాన్ సలాదీన్ వెంట ఉన్న బహాఉద్దీన్ ఇంకోలా రాశాడు. క్రూసేడర్ కాలిబంటులు వీపున పది దాకా బాణాలు గుచ్చుకుని ఉన్నా వరుస తప్పకుండా నడిచిపోయారట, మందపాటి ఫెల్ట్ (ఉన్ని గుడ్డ), గొలుసు చొక్కాల వల్ల. ఇద్దరినీ నమ్మొచ్చు. దూరం, విల్లు బలం, ములికి ఆకారం, కింద గుడ్డ మందం, ఇవన్నీ మారితే ఫలితం మారుతుంది.

ఇక అజింకోర్, 1415 అక్టోబర్ 25. ముందు రాత్రంతా వాన. కొత్తగా దున్నిన చేను. రెండు వైపులా అడవి, మధ్యలో ఇరుకు. మొదట గుర్రాల దాడి వచ్చింది. గుర్రాలకి ఒళ్లంతా కవచం ఉండదు, బాణాలు తగిలి అవి వెనక్కి తిరిగి సొంత కాలిబంటుల మీద పడ్డాయి. తర్వాత నైట్లు బురదలో, ముఖకవచాలు దించి, తల వంచుకుని నడిచారు. ఇనుప_చొక్కా గారు చెప్పిన ఊపిరి కష్టం అక్కడ వేలమందికి ఒకేసారి వచ్చింది. ఇంగ్లిషు వరుస చేరేసరికి అలసిపోయి, ఒకరినొకరు నెట్టుకుంటూ ఉన్నారు. అప్పుడు విలుకాళ్లు విల్లులు పక్కన పెట్టి సమ్మెటలు, గొడ్డళ్లు, బాకులు పట్టుకుని పక్కల నుంచి వచ్చిపడ్డారు. ప్లేట్‌ని ఓడించింది బాణం ఒక్కటే కాదు. బాణం, బురద, ఇరుకు, అలసట, చివర బాకు.

నాకు ఎప్పుడూ గుర్తుండేది ఇంకొకటుంది. ఆ యుద్ధం గెలిచిన అయిదో హెన్రీకి పదహారేళ్లప్పుడు, 1403లో ష్రూస్‌బరీ దగ్గర ముఖంలో బాణం దిగింది. కర్ర ఊడి వచ్చింది, ములికి ఎముకలో ఆరంగుళాల లోతున ఉండిపోయింది. జాన్ బ్రాడ్‌మోర్ అనే శస్త్రవైద్యుడు ప్రత్యేకంగా ఒక పరికరం తయారుచేయించి దాన్ని బయటికి తీశాడు, గాయాన్ని తేనెతో మాన్పాడు. అంత ఖరీదైన కవచం ఉన్న రాజకుమారుడు! ముఖం తెరిచి ఉంటే చాలు.

పాచికలమ్మ

నేను పదకొండేళ్లుగా డీఎం. ఇవన్నీ చదివి రేపే రూల్స్ మార్చేయకు తమ్ముడూ, ఒక మాట విను.

నేను అదే చేశాను. కవచం దెబ్బని తగ్గించాలి, తగిలిన చోటుకి వేరే పాచిక, బాణానికి ములికి రకం, దూరానికి ఇంకో పట్టిక. ఆర్నెల్లు నడిపాను. ఎనిమిదిమంది దొంగలతో ఒక కొట్లాటకి నాలుగు గంటలు పట్టింది. మా చెల్లెలు ఆడుతూ ఆడుతూనే నిద్రపోయింది. అలాంటి లెక్క కావాలంటే దానికోసం పుట్టిన ఆటలున్నాయి. 1978 నాటి రూన్‌క్వెస్ట్‌లో కవచం దెబ్బని మింగుతుంది, గర్ప్స్‌లో విల్లుకి సొంత బలం అంకె ఉంటుంది. డీ అండ్ డీలో ఏసీ అంటే కవచమూ తప్పించుకోవడమూ కలిపిన ఒకే అంకె. హిట్ పాయింట్లంటే రక్తం మాత్రమే కాదు, ఓపిక, అదృష్టం కూడా అని పుస్తకమే చెప్తుంది. కాబట్టి "తగిలింది, 9 దెబ్బ" అన్నప్పుడు కవచం చీలిందని చెప్పాల్సిన పని లేదు. "బాణం నీ భుజపలక మీద పగిలింది, ముక్క మెడ పక్కనుంచి పోయింది, నువ్వు మోకాలి మీద పడ్డావు" అను. ప్లేట్ ఆడేవాళ్ల బాధ సగం అక్కడే తీరుతుంది. నేను కళ్లారా చూశాను.

చివరికి మూడే ఉంచుకున్నాను. లాంగ్‌బోకి స్ట్రెంగ్త్ 13 కావాలి, లేకపోతే షార్ట్‌బో వాడుకోవాలి. ప్లేట్ వేసుకున్నవాడిని 30 మీటర్లు దాటి కొడితే డిసడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి తక్కువది తీసుకోవాలి), వాడు ముఖకవచం ఎత్తి ఉంటే ఆ ఇబ్బంది లేదు. ముఖకవచం దించితే పర్సెప్షన్‌కి, అంటే చుట్టూ గమనించడానికి, డిసడ్వాంటేజ్. ఎత్తడం, దించడం ఆడేవాళ్ల ఇష్టం. ఈ చివరిదే ఆటని మార్చింది. ఇప్పుడు మా నైట్ ప్రతి రౌండ్‌లో ఆలోచిస్తాడు, చూడాలా, దాక్కోవాలా అని.

ఆకుపచ్చ_ఎల్ఫ్

నేనే ఆ విలుకాడిని, విశాఖ నుంచి. అన్న లింక్ పంపాడు.

అందరూ చెప్పింది ఒప్పుకుంటాను. కానీ మా జట్టులో మంత్రగాడు ఆరు సెకన్లలో నిప్పుముద్ద వేసి పన్నెండుమందిని కాల్చేస్తాడు. దానికి ఎవరూ 1415 చూపించి లెక్క అడగరు. మాయ లేని పాత్రలకే భౌతికశాస్త్రం అడ్డం పెడితే, కొన్నాళ్లకి అందరూ మంత్రగాళ్లే అవుతారు. నేను రెండేళ్లు కష్టపడి ఈ పాత్రని పెంచుకున్నాను. ఒక్క రాత్రిలో 180 మీటర్లు 30 అయిపోతే ఎలా?

బెజవాడ_రికర్వ్

తమ్ముడూ, నీ మాట సరైనదే. అందుకే తీసుకున్నదానికి బదులు ఏదైనా ఇవ్వాలి. నిజమైన విలుకాడి దగ్గర ఆటలో లేనివి చాలా ఉన్నాయి. గుర్రాన్ని కొట్టడం. ఒక నేల ముక్క మీద వరసగా బాణాలు కురిపించి అక్కడికి ఎవరూ రాకుండా చేయడం. బాగా దగ్గరకి రానిచ్చి చంక, మోకాలి వెనక, కంటి చీలిక చూసి కొట్టడం. మీ డీఎం ఇవి ఇస్తే నీ పాత్ర చిన్నదవదు.

మంచి విలుకాడు నిమిషానికి పది, పన్నెండు వేయగలడు, కానీ ఆ వేగంలో ఎక్కువసేపు నిలవలేడు. ఒక కట్టకి 24 బాణాలు. రెండు నిమిషాల్లో ఖాళీ. బాణాలు లెక్కపెట్టుకుంటూ ఆడితే ప్రతి బాణానికీ విలువ వస్తుంది. అది నేను మైదానంలో అనుభవించిన ఆనందం, నీకూ నచ్చుతుంది.

గూడెం_బాట

ఉద్యోగరీత్యా నల్లమలలో కొన్నాళ్లు తిరిగాను. చెంచు పెద్దలు కొందరి దగ్గర వెదురు విల్లు, ఇనుప మొన బాణాలు చూశాను. వాళ్లు చెప్పే నేర్పంతా దూరం కొట్టడంలో లేదు, జంతువుకి తెలియకుండా దగ్గరకి చేరడంలో ఉంది. గాలి ఎటు, ఎండుటాకు ఎక్కడ, ముందు అవి చూస్తారు. మీ ఎల్ఫ్ అడవివాడు కదా. 180 మీటర్ల నుంచి కొట్టేవాడి కంటే, ఇరవై అడుగుల దాకా వచ్చినా ఎవరికీ తెలియనివాడు నాకైతే ఎక్కువ భయం.

కోటగోడ_డీఎం

నిన్న ఆడాం, వెంటనే రాస్తున్నాను.

పాచికలమ్మ అక్క చెప్పిన మూడు రూల్స్ ముందుగా అందరితో మాట్లాడి పెట్టాను. ఎల్ఫ్‌కి ఆ స్ట్రెంగ్త్ రూల్ వచ్చే రెండు లెవెల్స్ దాకా వర్తించదు, ఈలోపు పెంచుకోవచ్చు. బదులుగా గుర్రాన్ని కొట్టడం, నేలని ఆపడం ఇచ్చాను. ములికిలకి కూడా తెలుగు పేర్లు పెట్టుకున్నాం. కవచానికి సూది ములికి, గుర్రాలకి వెడల్పు ములికి.

వాగు దాటే చోట ఆరుగురు గుర్రపు నైట్లు వచ్చారు. మావాడు వెడల్పు ములికితో ముందు గుర్రాన్ని కొట్టాడు, వెనక రెండూ దాని మీద పడ్డాయి. మా నైట్ అమ్మాయి ముఖకవచం దించి నీళ్లలోకి దిగింది. ఆమెకి ఏం కనిపించడం లేదని చెప్పాను. ఎల్ఫ్ గట్టు మీద నుంచి "ఎడమకి, అక్కా, ఎడమకి!" అని అరుస్తూ ఆమెకి కళ్లు అయ్యాడు. ఆమె మీదకి పదకొండు బాణాలు వచ్చాయి, రెండు తగిలాయి, ఒక్కటీ లోపలికి దిగలేదు. చివరి నైట్ గాలి కోసం ముఖకవచం ఎత్తాడు. ఎల్ఫ్ దగ్గర అప్పటికి మూడు బాణాలే మిగిలాయి, మొదటిదే సరిపోయింది.

క్రాస్‌బో గురించి అడగడం మర్చిపోయాను. వచ్చే శనివారం కోట ముట్టడి ఉంది. గిలకతో తిప్పి బిగించే పెద్ద క్రాస్‌బోని ప్రతి రౌండ్ వేయనివ్వాలా, వద్దా? ఎవరైనా నడిపి చూశారా?