అప్‌డేట్: సౌండ్ తెగడం ఆగింది, కార్డు వల్ల కాదు

పోయిన వారం అడిగాను కదా, పాట పెట్టినా వీడియో చూసినా సౌండ్ ముక్కలు ముక్కలుగా వస్తోంది, కొత్త సౌండ్ కార్డు ఏది కొనమంటారు అని. ముందు లేటెన్సీమాన్ (సౌండ్‌కు కంప్యూటర్‌లో ఏది అడ్డుపడుతోందో చూపించే ప్రోగ్రామ్) నడిపి చూడమన్నవాళ్లకు చాలా థాంక్స్. పది నిమిషాల్లోనే అందులో పట్టీ ఎర్రగా అయిపోయింది, అంటే అడ్డు ఉన్నట్టే, వైఫై ఆపి మళ్లీ నడిపితే పచ్చగానే ఉంది. అంటే తప్పు వైఫై డ్రైవర్‌ది, అదే వైఫైని నడిపించే సాఫ్ట్‌వేర్‌ది. అది ప్రాసెసర్‌ను పట్టుకుని కాసేపు వదలకపోతే ఈలోపు ఆడియో బఫర్ (వినిపించబోయే సౌండ్‌ను కాస్త ముందుగా నింపి ఉంచే చోటు) ఖాళీ అయిపోతుంది, 48000 హెర్ట్జ్ దగ్గర 256 శాంపిళ్ల బఫర్ అంటే మొత్తం 5 మిల్లీసెకన్ల పైచిలుకే మరి. డ్రైవర్ మార్చాను, పోయింది.

అయినా కార్డు కొన్నాను, వేరే కారణంతో. మైక్ పెట్టే జాక్ వదులైపోయి, అమ్మతో మాట్లాడుతుంటే నా గొంతు మధ్యలో పోయేది. లోపల బిగించే కార్డుకు చోటు లేదు, ఉన్న ఒక్క స్లాట్‌నూ గ్రాఫిక్స్ కార్డు మూసేసింది. అందుకే చిన్న యూఎస్‌బీ కార్డు తీసుకున్నాను. హబ్‌లో పెడితే మళ్లీ టక్ టక్‌మంది, కంగారుపడ్డాను, వెనక పోర్టులో నేరుగా పెట్టాక నిన్న రాత్రి గంటన్నర మాట్లాడినా ఒక్కసారి కూడా తెగలేదు.