స్మార్ట్ మీటర్ బిగిస్తామని వచ్చారు: ఒప్పుకోవాలా, వద్దనాలా?

సందేహాల_రావు
గుంటూరు జిల్లా. కింద పోర్షన్ మాది, పైది అద్దెకిచ్చాం. రెండు సర్వీసులు, రెండూ సింగిల్ ఫేజే. కాంట్రాక్టరు మనుషులు వచ్చి మీటర్లు మార్చాలి, సంతకం పెట్టమన్నారు. డబ్బులు అక్కర్లేదట. వద్దంటే కరెంటు కట్ అయిపోతుందన్నట్టు మాట్లాడారు. వద్దనే హక్కు ఉందా? పెట్టించుకుంటే బిల్లు పెరుగుతుందా?

కృష్ణలంక_వాసి
పెట్టించుకోవద్దు. 2025 జులైలో ఇంధన మంత్రి గొట్టిపాటి రవికుమార్ గారే వినియోగదారుడు ఒప్పుకోకుండా ఇళ్లకు బిగించవద్దన్నారు. మహారాష్ట్రలో 2024 జూన్‌లో అప్పటి ఉప ముఖ్యమంత్రి ఫడ్నవీస్ సామాన్య వినియోగదారులకు ప్రీపెయిడ్ మీటర్లు పెట్టబోమన్నారు. వడోదరలో అదే ఏడాది మే నెలలో జనం రోడ్డెక్కాక అక్కడ చెక్ మీటర్లు (పోల్చి చూసేందుకు పక్కన రెండో మీటరు) పెట్టాల్సి వచ్చింది. అంతా బాగుంటే ఇన్నిచోట్ల ఎందుకు వెనక్కి తగ్గారు?

ఇక ఉచితం సంగతి. కేంద్రం ఆర్‌డీఎస్‌ఎస్ అనే కరెంటు పంపిణీ సంస్కరణల పథకం కింద ఇచ్చేది మీటరు ఖర్చులో 15 శాతం, అది కూడా మనలాంటి రాష్ట్రాలకు మీటరుకు 900 రూపాయలు దాటదు. మిగతాది డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) కాంట్రాక్టరుకు మీటరుకు నెలకు ఇంత అని ఏళ్ల తరబడి చెల్లిస్తుంది. ఆ డబ్బు టారిఫ్‌లోంచి తప్ప ఎక్కడి నుంచీ రాదు.

న్యూట్రల్_నాగు
రావు గారూ, మీరు అడిగినవి రెండు వేర్వేరు ప్రశ్నలు. కలిపేస్తే ఏదీ తేలదు.

చట్టం సంగతి: 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 55 ప్రకారం మీటరు సీఈఏ (కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ) నిబంధనలకు తగ్గట్టు ఉండాలి. ఆ నిబంధనల 2022 సవరణ, నెట్‌వర్క్ ఉన్న ప్రాంతాల్లో ప్రీపెయిడ్ పద్ధతిలో పనిచేసే స్మార్ట్ మీటరు అంది. మంత్రి గారి మాట మాటే, జీవో కాదు. రాతపూర్వక నోటీసు ఇచ్చాక కూడా మీటరు దగ్గరికి రానివ్వకపోతే 24 గంటల తర్వాత సరఫరా ఆపే అధికారం సెక్షన్ 163 ఇస్తుంది. నోటీసు లేకుండా నోటిమాటతో బెదిరిస్తే మాత్రం 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి.

బిల్లు సంగతి: ఈ మీటర్లు ఐఎస్ 16444 అనే భారతీయ ప్రమాణం ప్రకారం తయారవుతాయి, క్లాస్ 1 రకంలో పొరపాటు ఒక శాతం లోపే ఉండాలి. బిల్లు పెరిగిందనే ఇళ్లలో నేను ముందు చూసేది న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు. ఈ మీటరు ఫేజు కరెంటునీ న్యూట్రల్ కరెంటునీ రెండిటినీ కొలిచి, తేడా ఉంటే ఎక్కువ ఉన్నదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. ఎర్త్‌కి లోడు కట్టి దొంగతనం చేసేవాళ్ల కోసం పెట్టిన ఏర్పాటిది. ఇప్పుడున్న ఎలక్ట్రానిక్ మీటర్లలో కూడా చాలావాటికి ఉంది. లేని పాత మీటరు తీసి ఇది పెట్టిన ఇంట్లోనే తేడా బయటపడుతుంది.

రెండు పోర్షన్లకు ఒకే న్యూట్రల్ లాగేసి ఉంటే చూడండి. పైన ఏసీ 7 ఆంపియర్లు, కింద ఫ్యాన్లూ ఫ్రిజ్జూ 2 ఆంపియర్లు. తిరుగు కరెంటు మొత్తం కింది మీటరు న్యూట్రల్ గుండానే పోతుంది. కింది మీటరు 9 రాస్తుంది, పై మీటరు తన ఫేజు చూసి 7 రాస్తుంది. వాడింది 9, రాసింది 16.

కనిపెట్టడం తేలికే. క్లాంప్ మీటరులో (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే పరికరం) మీ సర్వీసు ఫేజు, న్యూట్రల్ వైర్లు రెండూ కలిపి పట్టండి. ఇంట్లో లోడు ఎంత నడిచినా సున్నా దగ్గర ఉండాలి. అర ఆంపియరు చూపించినా ఎక్కడో న్యూట్రల్ కలిసింది, లేదా ఎర్త్‌కి లీకేజీ ఉంది. క్లాంప్ లేకపోతే మీటరు బటన్ నొక్కుతూ పోండి, చాలా మీటర్లలో ఫేజు కరెంటు, న్యూట్రల్ కరెంటు విడివిడిగా కనిపిస్తాయి. అపార్ట్‌మెంట్లలో అయితే జనరేటర్ న్యూట్రల్‌ని ఫ్లాట్ న్యూట్రల్‌తో కలిపేసిన చోట ఇదే జబ్బు.

గాజువాక_గాలి
అయితే మీటరు మంచిదే, మన ఇల్లే చెడ్డది. బాగుంది.

కృష్ణలంక_వాసి
నాగు గారు తానే చెప్పేశారు. వాడింది 9, రాసింది 16. ఆ 7 ఆంపియర్ల డబ్బు ఎవరి జేబులోకి పోయింది? తిరిగిస్తారా?

న్యూట్రల్_నాగు
మీటరు అవుట్‌గోయింగ్ తర్వాత వైరింగ్ ఇంటి ఓనరుది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి న్యూట్రల్ విడదీయించుకుంటే ఆ రోజు నుంచి సరిపోతుంది.

కృష్ణలంక_వాసి
నేనడిగింది ఆ రోజు నుంచి కాదు. అంతకుముందు కట్టింది. ఒకే కరెంటుకి రెండు సర్వీసుల మీద డబ్బు తీసుకుంటే దాన్ని ఏమంటారు?

న్యూట్రల్_నాగు
వైరింగ్ లోపం అంటారు.

కృష్ణలంక_వాసి
మా వీధిలో ఒకాయన ఇదే పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగితే "మీటరు టెస్టులో పాసయింది" అని కాగితం చేతిలో పెట్టారు. టెస్టు బెంచీ మీద రెండు వైర్లూ సవ్యంగానే ఉంటాయి కదా, పాసవ్వక ఏం చేస్తుంది?

పాత_లైన్‌మన్
మీ ఇద్దరి న్యూట్రల్ గొడవ పక్కన పెట్టండి. మార్చే రోజు చేయాల్సింది ఎవరూ చెప్పలేదు.

మీటరు తీయకముందే పాత మీటరు ఆఖరి రీడింగ్, సీరియల్ నంబరు ఒకే ఫొటోలో పడేలా తీసుకోండి. కొత్తదాని సీరియల్ నంబరు, మొదటి రీడింగ్, సీలు నంబరు కూడా. మీటరు మార్పిడి స్లిప్పులో అవే అంకెలు ఉన్నాయో చూసి సంతకం పెట్టండి, ఒక కాపీ అడగండి. తర్వాత వచ్చే గొడవల్లో సగం పాత మీటరు ఆఖరి రీడింగ్ తప్పు రాయడం వల్లే. అప్పటికి ఆ మీటరు గోనెసంచిలో స్టోర్‌కి వెళ్లిపోయి ఉంటుంది, చూపించమంటే దొరకదు.

మెయిన్ దింపేయండి, ఇన్వర్టర్ కూడా ఆపేయండి. మన సర్వీసు వైర్లు ఎక్కువగా అల్యూమినియం. టెర్మినల్‌కి రెండేసి స్క్రూలుంటాయి, హడావుడిలో ఒకటే బిగించి పోతారు. పాత వైరు కొస నల్లబడి ఉంటే అంగుళం కోసేసి కొత్తగా ఒలిచి పెట్టమనండి. లూజుగా ఉంటే ఏసీ, గీజరు కలిసి నడిచిన రోజు టెర్మినల్ వేడెక్కి మీటరు బోర్డు కమురు వాసన వస్తుంది. మీటరు కాలిపోతే మీదే తప్పని రాస్తారు.

అంతా అయ్యాక మీ డబుల్ పోల్ మెయిన్ దింపి మీటరు మీద ఎర్ర లైటు చూడండి. మిణుకు ఆగిపోవాలి. ఆగకపోతే వాళ్లు వెళ్లకముందే చూపించండి.

సందేహాల_రావు
ఇది చాలా ఉపయోగం అండీ. మీటరు స్పీడుగా తిరుగుతోందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చా?

న్యూట్రల్_నాగు
చూసుకోవచ్చు. మీటరు ముఖం మీద 3200 ఇంపల్స్ అనో 1600 అనో రాసి ఉంటుంది, అంటే యూనిట్‌కి అన్నిసార్లు లైటు వెలుగుతుంది. అన్నీ ఆపేసి 1000 వాట్ల వాటర్ హీటర్ రాడ్ ఒక్కటే వేయండి. 3200 మీటరైతే నిమిషానికి 53 వెలగాలి. ఇస్త్రీపెట్టెతో చేయకండి, అది వేడెక్కగానే తనే ఆగిపోతుంది.

గాజువాక_గాలి
ఇప్పుడే చూశా, 44 వచ్చింది! అయితే నా మీటరు స్లో. ఈ పోస్టు ఎవరూ డిస్కంకి పంపకండి.

న్యూట్రల్_నాగు
వోల్టేజీ చూశారా? రాడ్ మీద రాసిన 1000 వాట్లు 230 వోల్టుల దగ్గర. మీకు 210 వస్తుంటే అది లాగేది 834 వాట్లే, లెక్క ప్రకారం నిమిషానికి 44. మీ మీటరు సరిగ్గానే ఉంది.

అమీర్‌పేట_అద్దె
తెలంగాణలో 200 యూనిట్ల లోపు గృహజ్యోతి పథకం కింద సున్నా బిల్లు. ప్రీపెయిడ్ వస్తే ముందు రీచార్జి చేయించి తర్వాత వెనక్కిస్తారా?

కృష్ణలంక_వాసి
రాడ్ లెక్కలు బాగున్నాయి. ఆఫీసులో నిమిషానికి 53 అంటే ఎవరూ వినరు. అధికారికంగా ఒక దారి ఉంది, అది చెప్పండి. వినియోగదారుల హక్కుల నిబంధనలు, 2024 ఫిబ్రవరి సవరణ. రీడింగ్ వాడకానికి సరిపోవడం లేదని ఫిర్యాదు ఇస్తే ఐదు రోజుల్లో అదనపు మీటరు పెట్టి కనీసం మూడు నెలలు పోల్చి చూడాలి.

శ్లాబుల్లో చిన్న తేడా ఎంతవుతుందో కూడా చూడండి. 2022 నుంచి ఉన్న ఏపీ శ్లాబుల్లో 240 యూనిట్లకు ఎనర్జీ చార్జీలు 1148 రూపాయల పాతిక పైసలు. రీడింగ్ 5 శాతం పెరిగి 252 అయితే ఆ 12 యూనిట్లూ 8.75 రేటులో పడి 1253 దాటుతుంది. యూనిట్లు 5 శాతం పెరిగితే డబ్బు 9 శాతం పెరిగింది.

న్యూట్రల్_నాగు
ఆ శ్లాబు లెక్క స్మార్ట్ మీటరుకే అనుకూలం. రీడింగ్ తీసేవాడు నాలుగు రోజులు ఆలస్యంగా వస్తే శ్లాబు దాటిపోయిందని ఏడ్చేది మీరే. ఇందులో రీడింగ్ దానంతటదే వెళ్తుంది, తేదీ మారదు. గరిష్ఠ డిమాండ్ (ఒక్కసారిగా లాగిన అత్యధిక లోడు) పేరు చెప్పి మీటరు పెట్టకముందు నెలలకు జరిమానా వేయకూడదని ఆ హక్కుల నిబంధనల 2023 సవరణలో ఉంది. లోడు పెంచాలన్నా ఆర్థిక సంవత్సరంలో కనీసం మూడుసార్లు దాటితేనే, అదీ ఆ నెలల్లో తక్కువదాన్ని తీసుకునే.

దొంగతనం సంగతి ఎవరూ ఎత్తరేం? సర్వీసు వైరుకి కొక్కెం తగిలించే ఇంటి నష్టం నిజాయితీగా కట్టేవాడి టారిఫ్‌లో కలుస్తుంది. మీటరు మార్చడానికి అంత భయమంటే నాకు వేరే అనుమానం వస్తుంది.

కృష్ణలంక_వాసి
అంటే వద్దన్నవాళ్లంతా దొంగలా? మాట జారకండి. కొక్కెం తగిలించేది స్తంభం దగ్గర, మీటరుకి ముందు. దానికి మీ స్మార్ట్ మీటరు ఏం చేస్తుంది?

న్యూట్రల్_నాగు
ట్రాన్స్‌ఫార్మర్‌కి కూడా మీటరు పెడతారు. అక్కడ వెళ్లిందెంత, కింద ఇళ్లలో తేలిందెంత, తేడా ఆ రోజే దొరుకుతుంది. తెలియకపోతే అడగండి.

కృష్ణలంక_వాసి
తెలియక కాదు. మీరు మొదటినుంచీ మీటరు సరిగ్గా కొలుస్తుందని నిరూపిస్తూనే ఉన్నారు. సరే, కొలుస్తుంది. ఒప్పుకున్నాను. నా గొడవ అది కాదు.

సెక్షన్ 56 చదవండి. బిల్లు కట్టకపోతే పదిహేను రోజుల రాతపూర్వక నోటీసు ఇచ్చాకే కట్ చేయాలి. బిల్లు తప్పని గొడవ పెట్టుకుంటే, అడిగిన మొత్తమో, గత ఆరు నెలల సగటో, ఏది తక్కువైతే అది నిరసనతో కట్టి కరెంటు ఉంచుకోవచ్చు. ప్రీపెయిడ్‌లో ఆ మెట్టే ఉండదు. తప్పు లెక్క ముందే బ్యాలెన్స్‌లోంచి కోసేస్తారు. చీకట్లో కూర్చుని ఫిర్యాదు రాసుకోవాలి. ఈరోజు వివాదం నడుస్తుండగా డబ్బు నా దగ్గర ఉంది, రేపు వాళ్ల దగ్గర ఉంటుంది. ఇదండీ అసలు తేడా. ఎర్ర లైటు ఎన్నిసార్లు వెలిగితే నాకేం?

అమీర్‌పేట_అద్దె
ఇది ముందే చెప్పుంటే సగం పోస్టులు మిగిలేవి.

న్యూట్రల్_నాగు
కాగితం మీద బాగుంది. ఆ పదిహేను రోజుల నోటీసు ఎంతమంది చేతికి వచ్చింది? తేదీ దాటగానే కింది ఉద్యోగిని పంపి ఫ్యూజు పీకించడమే జరుగుతోంది. తిట్లు తినేదీ, తడి స్తంభం ఎక్కేదీ అతనే. పలుకుబడి ఉన్న ఇంటి ఫ్యూజు పీకడు, పక్కనున్న పూరింటిది పీకుతాడు. రిలే (మీటరులో కరెంటు ఆపే స్విచ్చు) ఆ తేడా చూడదు. ఇంకోటి, సెక్షన్ 47 ప్రకారం ప్రీపెయిడ్ తీసుకునేవాడు సెక్యూరిటీ డిపాజిట్ ఇవ్వక్కర్లేదు. ఏసీడీ (అదనపు డిపాజిట్) అని ఏడాదికోసారి బిల్లులో కలిపితే గగ్గోలు పెట్టేది మీరే కదా?

కృష్ణలంక_వాసి
అదే సెక్షన్ మళ్లీ చదవండి. ప్రీపెయిడ్‌కి "సిద్ధపడితే" డిపాజిట్ వద్దంది. సిద్ధపడాల్సింది నేను. నా ఇష్టంగా చట్టం రాసినదాన్ని నిబంధనతో బలవంతం ఎలా చేస్తారు?

రిలే తేడా చూడదన్నారు. 2020 కృష్ణాష్టమి నాడు ఉత్తరప్రదేశ్‌లో ఒక తప్పు కమాండ్‌తో లక్షకు పైగా ఇళ్లకు కరెంటు పోయింది. డబ్బు కట్టినవాళ్లకి కూడా. నిజమే, తేడా చూడలేదు.

పాత_లైన్‌మన్
ఇద్దరూ కాస్త ఆగండి. లైన్‌మన్‌ని "జీతం రాగానే కడతానన్నా" అని బతిమాలితే రెండ్రోజులు చూస్తాడు. అది మంచో చెడో గానీ ఉంది. సర్వర్ చూడదు. సెల్లార్‌లో మీటర్లున్న అపార్ట్‌మెంట్లకు ఇంకో తంటా. బ్యాలెన్స్ లెక్క మీటరులో కాదు, సర్వర్‌లో జరుగుతుంది. సెల్లార్‌లో సిగ్నల్ అందకపోతే రీచార్జి అయినా కలిపే కమాండ్ మీటరు దాకా రాదు. పెట్టేరోజే సిగ్నల్ చూడమనండి.

న్యూట్రల్_నాగు
సిగ్నల్ సంగతి నిజం, దానికి బయట యాంటెన్నా పెట్టమని అడగాలి. కానీ రావు గారు తెలుసుకోవాల్సింది ఇంకొకటి. ప్రీపెయిడ్‌కీ పోస్టుపెయిడ్‌కీ మీటరు ఒకటే. మోడ్ మాత్రం మారుస్తారు. మీటరుకి ఒప్పుకుని, మోడ్‌కి ఒప్పుకోనని లెటర్ రాసివ్వొచ్చు.

కృష్ణలంక_వాసి
ఒక్క క్లిక్కుతో మారేదాన్ని నమ్మి సంతకం పెట్టమంటారు.

సందేహాల_రావు
ఆ లెటర్‌లో ఏం రాయాలి?

న్యూట్రల్_నాగు
మీ ఏరియా సెక్షన్ ఆఫీసు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) పేరిట రాయండి. సర్వీసు నంబర్లు రెండూ. మీటరు మార్పిడికి అభ్యంతరం లేదు, నెలవారీ బిల్లింగే కొనసాగించాలి, నా రాతపూర్వక సమ్మతి లేకుండా ప్రీపెయిడ్‌కి మార్చకూడదు అని. మార్పిడి రోజున రెండు మీటర్ల రీడింగులూ స్లిప్పులో రాసివ్వాలని కూడా. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. అంతకంటే ముందు ఎలక్ట్రీషియన్‌తో పై పోర్షన్ న్యూట్రల్ చూపించండి.

కృష్ణలంక_వాసి
"అభ్యంతరం లేదు" అనే మాట నేనైతే రాయను. నోటీసు రాతపూర్వకంగా ఇవ్వమనండి, ఏ నిబంధన కింద మారుస్తున్నారో అందులో రాయమనండి. తర్వాత వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్లాలన్నా, అక్కడ తేలక విద్యుత్ అంబుడ్స్‌మన్ దాకా పోవాలన్నా ఆ కాగితమే కావాలి.

పాత_లైన్‌మన్
ఏది రాసినా పాత మీటరు ఫొటో మర్చిపోకండి. ఎండలో అద్దం మెరిసి అంకెలు కనపడవు, గొడుగు అడ్డం పెట్టి తీయండి.