శాంపిల్ సీసాలో హైపో: క్లోరిన్ తీసేసి బ్యాక్టీరియా పరీక్ష చేయడం న్యాయమేనా?

పంచాయతీ వాటర్‌మన్: మా ట్యాంకులో రోజూ బ్లీచింగ్ కలుపుతాం. ఊరి చివరి కుళాయి దగ్గర కూడా క్లోరోస్కోప్‌లో (నీళ్లలో మిగిలిన క్లోరిన్‌ను రంగుతో చూపే కిట్) లీటరుకు 0.2 మి.గ్రా. వస్తోంది. అయినా రిపోర్టులో కోలిఫాం, అంటే నీళ్లు కలుషితమయ్యాయని పట్టిచ్చే బ్యాక్టీరియా, ఉందని రాశారు. ల్యాబ్ వాళ్లిచ్చిన సీసాలో హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్ ఉందట, క్లోరిన్‌ను విరిచేస్తుందట. జనం తాగేది క్లోరిన్ ఉన్న నీళ్లు, పరీక్షించేది లేని నీళ్లు. ఇదెక్కడి లెక్క?

మైక్రోబయాలజీ ల్యాబ్: హైపో బ్యాక్టీరియాను పుట్టించదండీ. నీళ్లు పట్టిన క్షణానికి ఎన్ని బతికున్నాయో ఆ లెక్కను అక్కడే ఆపుతుంది. ఐస్ పెట్టెలో శాంపిల్ మా దగ్గరికి చేరేసరికి గంటలు గడుస్తాయి. హైపో లేకపోతే దారి పొడవునా సీసాలో క్లోరిన్ చంపుతూనే ఉంటుంది. మేం 'లేదు' అని రాస్తాం. కుళాయి కింద గ్లాసు పెట్టి తాగిన పిల్లాడి కడుపులోకి మాత్రం అవి ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాయి.

పంచాయతీ వాటర్‌మన్: అందరూ పట్టగానే తాగరు మేడమ్. బిందెల్లో, సంపుల్లో గంటలు నిలవుంటాయి. అక్కడ క్లోరిన్ పని చేయదా?

రిటైర్డ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్): చేస్తుంది. కానీ సంపులో మురికి ఉంటే దానికే ఖర్చయిపోతుంది. ముందు ఇది చెప్పండి, బ్లీచింగ్ కలిపిన ఎంతసేపటికి వాల్వు తిప్పుతున్నారు? కనీసం అరగంట ఆగాలి. ఆగకపోతే క్లోరోస్కోప్‌లో పసుపు రంగు బాగానే వస్తుంది, క్రిములు మాత్రం ఇంకా చావవు.

పంచాయతీ వాటర్‌మన్: కరెంటు వచ్చిన టైమును బట్టి వదలాల్సి వస్తోంది సార్. ఊరంతా బిందెలతో నిలబడి ఉంటారు.

ఎఫ్లుయెంట్ (మురుగునీటి శుద్ధి) ప్లాంట్ కెమిస్ట్: బ్యాక్టీరియాకు హైపో సరే, అన్ని సీసాల్లోనూ వేయడమే నాకు అభ్యంతరం. సీఓడీ పరీక్ష (నీళ్లలోని మలినాలను ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చూసేది) ఉంది కదా, అందులో వాడే డైక్రోమేట్ మిగిలిన హైపోను కూడా ఆక్సీకరణం చేస్తుంది, సీఓడీ ఉత్తినే పెరుగుతుంది. మా ఫెంటన్ ట్రీట్‌మెంట్ (ఇనుము లవణం, పెరాక్సైడ్ కలిపి మలినాలను విరిచే పద్ధతి) తర్వాత మిగిలే హైడ్రోజన్ పెరాక్సైడ్‌దీ ఇదే గొడవ: 1 మి.గ్రా. పెరాక్సైడ్ లెక్కప్రకారం 0.47 మి.గ్రా. సీఓడీగా కనిపిస్తుంది. దాన్ని తీయడానికి సల్ఫైట్ వేస్తే, ఎక్కువైన సల్ఫైట్ కూడా సీఓడీయే!

మైక్రోబయాలజీ ల్యాబ్: అందుకే సీసాలు వేరు. 120 మి.లీ. సీసాకు 3 శాతం హైపో 0.1 మి.లీ. వేస్తాం, లీటరుకు 5 మి.గ్రా. క్లోరిన్ దాకా అది చాలు. ఆ సీసాను కడగకండి, పొర్లేదాకా నింపకండి, హైపో పోతుంది. క్లోరిన్‌ను కుళాయి దగ్గరే విడిగా పట్టిన నీళ్లలో చూడాలి. మా సీసాలో నీళ్లకు రంగే రాదు.

పంచాయతీ వాటర్‌మన్: అయితే అక్కడ చూసిన క్లోరిన్ అంకె, బ్లీచింగ్ కలిపిన టైము రిపోర్టులో కోలిఫాం పక్కనే వేయండి. 'తాగడానికి పనికిరాదు' అని ఒక్క ముక్క రాసి పంపితే ఊళ్లో మాట పడేది నేను.

మైక్రోబయాలజీ ల్యాబ్: న్యాయమే. మా ఫారంలో క్లోరిన్ గడి ఉంది, శాంపిల్ తెచ్చేవాళ్లు ఖాళీగా వదిలేస్తున్నారు. ఈసారి దగ్గరుండి నింపించండి, కలిపిన టైము కూడా దాని పక్కనే రాయించండి.