ఈ వారం సమస్య: ‘పిచ్చుకను జంపి మోక్షము భిక్షువందె’

నిర్వాహకుడు:
ఆదివారం రాత్రి ‘రన్నింగ్ ఆన్ కర్మ’ మీద ఇక్కడ జరిగిన గొడవ ఇంకా చల్లారలేదు కాబట్టి సమస్యా అందులోంచే. 2003 నాటి హాంకాంగ్ సినిమా, జానీ తో, వాయ్ కా-ఫాయ్ కలిసి తీసింది. రబ్బరు కండల సూటు తొడుక్కున్న ఆండీ లావ్ ఒకప్పటి సన్యాసి. స్నేహితురాలిని చంపినవాడు దొరకలేదన్న కోపంలో కర్ర ఝుళిపిస్తే పిచ్చుక చస్తుంది. ఏడు రోజులు కదలకుండా కూర్చుంటాడు, లేచేసరికి ఎదుటివాళ్ళ పూర్వజన్మ కనిపించడం మొదలవుతుంది. కాషాయం విప్పేసి ఊళ్ళోకి పోయి బట్టలు విప్పే ఆటగాడవుతాడు. చూడనివాళ్ళకి ఇంత చాలు.

*పిచ్చుకను జంపి మోక్షము భిక్షువందె*

ఇదే ఆఖరి పాదంగా పై మూడూ కట్టి పూరణలు కానివ్వండి.

తేటగీతాల రావు:

కోపమాగక విసరిన కోల తగిలి
చెంత నెగిరెడు చిఱుపిట్ట చేటునొందె
నేడు దినములు తరువు క్రిందెడఁద నడఁచి
పిచ్చుకను జంపి మోక్షము భిక్షువందె

అరసున్న:
రావు గారూ, యతులన్నీ కుదిరాయి. కానీ ఇది పూరణ కాదండీ, నిర్వాహకుడి గారి పరిచయానికి పద్యానువాదం. పిట్ట రెండో పాదంలోనే చచ్చింది, ఏడు రోజులు కూర్చున్నాక నాలుగో పాదంలో మళ్ళీ చంపారు. పైగా ఆ ఏడో రోజు అతనికి వచ్చింది మోక్షం కాదు, తలనొప్పి. ఎవరి మొహం చూసినా వాళ్ళ చావు కనబడుతుంటే దాన్ని మోక్షమంటారా?

కలంపోటు:

కండలుబ్బిన మేనిలోఁ గాపురమ్ము
సేయు క్రోధమ్ము గూటినిఁ జీల్చివైచి
నేను నాదను నహమను నీచమైన
పిచ్చుకను జంపి మోక్షము భిక్షువందె

అరసున్న:
వచ్చింది ‘అహమను’! సమస్యలో ‘చంపి’ కనపడితే చాలు, కలంపోటు గారు ముందు పాదం చివర అహంకారాన్నో కామాన్నో కట్టేస్తారు. పులి సమస్యకీ ఇదే మందు, పాము సమస్యకీ ఇదే. సరే, గూడు క్రోధానిదైతే అందులో అహం ఎందుకు కాపురముంది, అద్దెకా? పిచ్చుకని ‘నీచమైన’ అనడం మరీ అన్యాయం. ఆ సినిమాలో ఏ పాపమూ ఎరగంది అదొక్కటే.

కలంపోటు:
పోయిన నెల కందంలో ‘ఱ’కీ ‘ర’కీ ప్రాస కలిపి, అడిగితే ‘ఆధునికం’ అన్నవారు రూపకం గురించి చెప్తున్నారు. వింటున్నాం.

అరసున్న:
అక్కడ పాఠాంతరం అని చెప్పాను, ఆధునికం అనలేదు.

వడిగాడు:

మర్మయోగమ్ము నేర్చిన మాయలాఁడు
భారతీయుఁడు డబ్బాలోఁ బండుకొనియె
పోలిసులు మూతఁ దీసిరి, పూర్వమెపుడొ
పిచ్చుకను జంపి మోక్షము భిక్షువందె

తేటగీతాల రావు:
సినిమాలో ఆ ఒళ్ళు మడిచే హంతకుణ్ణి పద్యంలోకి తెచ్చారు, సంతోషం. మనదేశంవాడు అనగానే యోగం, డబ్బా… హాంకాంగ్ వాళ్ళకి మనమీద అంత నమ్మకం! కానీ ‘డబ్బాలోఁ’ దగ్గర మూడు గురువులు, మగణం వచ్చి కూర్చుంది. ‘డబ్బానఁ’ అంటే తగణం, సరిపోతుంది.

అరసున్న:
రెండో పాదంలో డబ్బా సాగింది, మూడో పాదంలో పోలీసులు కుంచించుకుపోయారు. అక్కడ తీసిన దీర్ఘమే ఇక్కడ అతికించినట్టున్నారు. అసలు చిక్కు అన్వయంలో. డబ్బాలో వాడికీ ‘పూర్వమెపుడొ’ పిచ్చుకని చంపిన భిక్షువుకీ సంబంధమేమిటి?

వడిగాడు:
సినిమాలో మాత్రం ఉందా? మొదటి అరగంట దొంగాపోలీసు హాస్యం, తర్వాత ప్రేమ, తర్వాత అడవిలో తెగిన తల, చివర కొండమీద వేదాంతం. నాలుగు సినిమాలు కుట్టినట్టుంది. నా పద్యానికీ నాలుగు పాదాలు.

కలంపోటు:
ఈ జవాబుకి పూర్తి మార్కులు. పద్యానికి కాదు.

తుమ్మెద:

మునుపటి బ్రతుకు నెత్తుటి ముద్రలెల్ల
నెదుటివారల మోములో నెఱుకపఱచి
చావు నీడలఁ జూపెడు జన్మల తల
పిచ్చుకను జంపి మోక్షము భిక్షువందె

తేటగీతాల రావు:
రెండుసార్లు చదివితే గాని అందలేదు. ‘తలపు ఇచ్చు కను’! జన్మల తలపునిచ్చే కన్నుని చంపాడు. పిచ్చుక పక్కనుంచి ఎగిరిపోయింది. అమ్మా తుమ్మెదా, ఇది పూరణంటే.

వడిగాడు:
చూపిచ్చు అని ఎందుకు వేయలేదండీ? ఇంకా సూటిగా ఉండేది.

తుమ్మెద:
మొదట అదే రాసి కొట్టేశానండీ. ‘చూ’ గురువు. తేటగీతి పాదం ఆఖర్న సూర్యగణం, అది లఘువుతోనే ముగియాలి. ‘వల’, ‘వెఱ’, ‘తల’ మాత్రమే మిగిలాయి. వలపిచ్చు కన్నంటే సినిమాలో అతనికి దగ్గరైన పోలీసమ్మాయి కథవుతుంది, వెఱపిచ్చు కన్నంటే సగమే. తలపు సరిపోయింది.

అరసున్న:
విరుపు బాగుంది, ఒప్పుకుంటాను. కానీ ‘కను జంపి’ ఎలా వచ్చింది? జడానికి ద్వితీయ బదులు ప్రథమ వేశారనుకుంటే, దాని మీది పరుషానికి గసడదవలు రావాలి. ‘కను సంపి’ కావాలి, లేదా ‘కను చంపి’గా ఉండాలి. ‘జ’ అనే సరళం ఎక్కణ్ణుంచి? పిచ్చుక‘ను’లో ద్రుతం, అంటే చివరి ‘న్’, ఉంది కాబట్టి అక్కడ చెల్లింది. విరిచాక ఆ ‘ను’ కన్నులోకి పోయింది, ద్రుతం చేతిలో లేదు.

తుమ్మెద:
‘కనున్’ అని ద్వితీయ పెట్టుకున్నానండీ. ‘వనముం గాల్చె’ అన్నప్పుడు రాని అభ్యంతరం కన్నుకెందుకు?

అరసున్న:
అయితే అరసున్న పెట్టండి, ‘కనుఁ జంపి’ అని.

కలంపోటు:
పేరు నిలబెట్టుకున్నారు.

నిర్వాహకుడు:
వ్యాకరణం అక్కడ ఆపుదాం. సమస్యలో ‘మోక్షము’ ఎందుకు, బౌద్ధానికి ‘నిర్వాణం’ కదా అని ఒకరు విడిగా అడిగారు. అమరకోశం ముక్తి, కైవల్యం, నిర్వాణం, మోక్షం అన్నీ ఒకే వరుసలో పర్యాయాలుగా చెప్పింది. అదీ కాక ‘భి’కి ‘పి’తో యతి కుదిరింది, ఇంకేం కావాలి.

తేటగీతాల రావు:
తుమ్మెద పద్యం మీద నాకొక అనుమానం. చివర్లో ఆ కన్ను పోయిందని సినిమా ఎక్కడా చెప్పదు. ఆ సన్యాసి కొండల్లో ఏళ్ళ తరబడి తిరిగి, జుట్టూ గడ్డమూ పెరిగి, తనకి తానే ఎదురుపడతాడు. స్నేహితురాలిని చంపిన హంతకుణ్ణి చంపడం మానేస్తాడు, మళ్ళీ కాషాయం కడతాడు. చచ్చింది పగ, కన్ను కాదు. పిచ్చుక చచ్చిన చోట మోక్షం లేదు, మోక్షం దొరికిన చోట పిచ్చుక లేదు. ఈ దూరం దాటించేవాడు ఇంకా రాలేదు.

కలంపోటు:
ఆ పోలీసమ్మాయి సంగతి వదిలేశారు. గత జన్మలో జపాను సైనికుడై మనుషుల్ని నరికినందుకు ఈ జన్మలో ఆమె తల పోతుంది. ఆమె అతడు కాదు, అయినా అప్పు ఆమె తీర్చాలి. మిళిందుడనే రాజుకి నాగసేనుడనే భిక్షువు చెప్పిన దీపం ఇదే. తొలి జాములో వెలిగిన మంటా తెల్లవారుజాము మంటా ఒకటి కాదు, వేరూ కాదు. సినిమా బాగోలేదన్నవాళ్ళంతా ఈ చోటే తిట్టారు. నాకు మాత్రం 2004లో హాంకాంగ్ వాళ్ళు దీనికి ఉత్తమ చిత్రం ఇచ్చింది ఇందుకేననిపిస్తుంది.

అరసున్న:
అందరూ వదిలేసింది ‘చంపి’ అన్న మాట. భిక్షువుల నియమాల గ్రంథం వినయపిటకంలో మనిషిని చంపితే పారాజికం, సంఘం నుంచి వెలి. జంతువుని తెలిసి చంపితే పాచిత్తియం, ఒప్పుకుంటే తీరే దోషం, అరవై ఒకటోది, ఉదాయి అనే భిక్షువు కాకుల్ని బాణాలతో కొట్టిన సందర్భంలో పెట్టిన నియమం. తెలియక తగిలితే దోషమే లేదు. మరి ఆ సన్యాసి ఏడు రోజులు దేనికి కూర్చున్నాడు? అక్కడుంది పూరణ.

చేతనయె కర్మ యనె గాదె శిష్యతతికి
బుద్ధుఁ, డెఱుఁగని దెబ్బకుఁ బొరయు నఘమె?
కరుణఁ గన్నీరు వఱదయై కడిగె మదినిఁ
బిచ్చుకను జంపి మోక్షము భిక్షువందె

తేటగీతాల రావు:
మూడో పాదం చాలా బాగుంది. పిచ్చుకకీ మోక్షానికీ మధ్య కన్నీరు పెట్టారు. దూరం దాటింది.

వడిగాడు:
సమస్యలో ‘పి’ని ‘బి’ చేశారు, చెల్లుతుందా?

నిర్వాహకుడు:
మదినిన్ తర్వాత సరళాదేశం. చెల్లుతుంది.

కలంపోటు:
రెండో పాదంలో ‘బుద్ధుఁ డెఱుఁగని దెబ్బ’ అని చదువుకున్నాను. బుద్ధుడికే తెలియని దెబ్బ ఏమిటా అని. తీరా చూస్తే మధ్యలో కామా. ప్రథమా విభక్తిలో ‘డు’ని సగానికి నరికి అటొకటి ఇటొకటి వేశారు, ఇది పాచిత్తియమా పారాజికమా?

అరసున్న:
తెలియక తగిలింది.

తుమ్మెద:
అది సరే గానీ మొదటి పాదం చూశారా ఎవరైనా? ‘చేతనయె కర్మ’ అంటే సంకల్పమే కర్మ అని కదా, దాన్ని ‘చేతన్ అయె కర్మ’ అని విడగొట్టండి. చేతవల్లే కర్మ అయింది అని వస్తుంది. సంకల్పం కాదు, ఒంటితో చేసిందే బరువైనదన్నది నిగంఠుల, అంటే జైనుల వాదం. వాళ్ళ శిష్యుడు ఉపాలి విషయంలో బుద్ధుడు ఖండించింది దాన్నే. ఆయన నోట ఆయన ఒప్పుకోనిదే పలికించారు అరసున్న గారు.

కలంపోటు:
అమ్మాయీ, ఆ ‘ఱ–ర’ కందం కూడా ఒకసారి చూడవూ?

అరసున్న:
‘చేతనయే’ అని దీర్ఘం వేద్దామంటే గణం పోతుంది. రాత్రికి సవరించి పెడతాను.