గుడ్లగూబ నూగులాంటి మెత్తని పొరతో రెక్క చప్పుడు తగ్గుతుందా?

ప్రశ్న (మెకానికల్ విద్యార్థి, మూడవ సంవత్సరం)

గుడ్లగూబ నిశ్శబ్దంగా ఎగరడానికి రెక్క ముందు అంచున ఉండే దువ్వెన పళ్లలాంటి ముళ్లు, వెనుక అంచున ఉండే కుచ్చు, పైభాగాన పరుచుకున్న నూగు కారణమని గ్రాహం అనే పరిశోధకుడు 1934లోనే రాశారని చదివి, వాటిలో నూగును పరీక్షించడం మా బృందం ప్రాజెక్టుగా తీసుకుంది. 15 సెంటీమీటర్ల వెడల్పున్న రెక్క నమూనాకు ముందు అంచు నుంచి వెనుక అంచు దాకా వెల్వెట్ గుడ్డ అంటించి, కళాశాల విండ్ టన్నెల్‌లో (కావలసిన వేగంతో గాలి వీచే పరీక్షా సొరంగంలో) సెకనుకు 20 మీటర్ల వేగపు గాలిలో ఉంచాము. మైకులో చప్పుడు తగ్గినట్టు కనిపించలేదు. పైగా సన్నని ఈల ఒకటి కొత్తగా మొదలైంది. మెత్తని పొర శబ్దాన్ని పీల్చుకోవాలి కదా? మేము ఎక్కడ పొరబడ్డామో దయచేసి చెప్పండి.

జవాబు 1 (ఏరోఅకౌస్టిక్స్, అంటే గాలి ప్రవాహం పుట్టించే ధ్వనిపై పరిశోధకురాలు)

పీల్చుకుంటుందన్న ఊహ దగ్గరే చిక్కు ఉంది. అంత పలుచని పొర పీల్చుకోగలిగేది చాలా తక్కువ. ఇటువంటి రెక్క చప్పుడులో ప్రధాన భాగం వెనుక అంచు దగ్గర పుడుతుంది. ఉపరితలాన్ని ఆనుకొని సుళ్లు తిరుగుతూ వచ్చే గాలి ఆ పదునైన అంచును దాటేటప్పుడు, దానిలోని పీడనపు ఒడుదొడుకులు ధ్వనిగా మారి బయటికి వ్యాపిస్తాయి. గుడ్లగూబ నూగు ఈ సుళ్లను ఉపరితలానికి కాస్త ఎడంగా ఉంచుతుంది. దాని పోగులు ఈక నుంచి నిటారుగా లేచి, గాలివాలుకు వంగి, ఒకదానితో ఒకటి అల్లుకొని, అడవిలో చెట్ల తలలు కలిసినట్టు పందిరిగా ఏర్పడతాయి. వర్జీనియా టెక్, కేంబ్రిడ్జి తదితర విశ్వవిద్యాలయాల పరిశోధకులు పాశ్చాత్య వధువుల మేలిముసుగు వంటి వలబట్టను గరుకు ఉపరితలంపై కొద్ది ఎత్తులో పరచినప్పుడు, దాని కింద పీడనపు ఒడుదొడుకులు 30 డెసిబెళ్ల వరకు తగ్గాయి. తర్వాత వారు బట్టను వదిలి, గాలిమరల రెక్కల కోసం రూపొందించిన ఒక నమూనాపై, వెనుక అంచుకు కొద్దిగా ముందు, సన్నని నిలువు పలకల వరుసలు అమర్చి, 10 డెసిబెళ్ల దాకా తగ్గుదల సాధించారు. 2017లో అచ్చయిన ఆ వ్యాసాన్ని మీరు తప్పక చదవాలి.

మీ వెల్వెట్‌లో పోగులు దట్టంగా ఉన్నాయి, వాటి కింద మందమైన నేత ఉంది. ఆ నేత వెనుక అంచును మొద్దుబార్చింది. మొద్దు అంచు నుంచి సుళ్లు క్రమబద్ధంగా విడివడితే ఈల వస్తుంది, మీరు విన్నది బహుశా అదే. ఇంకొకటి, వారి ప్రయోగాల్లో రేనాల్డ్స్ సంఖ్య (వేగం, రెక్క వెడల్పులను బట్టి పెరిగే, ప్రవాహం ఎంత సులువుగా సుడిపడుతుందో సూచించే సంఖ్య) 30 లక్షల దాకా వెళ్లింది, మీది సుమారు 2 లక్షలు. అంత తక్కువ సంఖ్య దగ్గర ప్రవాహం సుడిపడకుండానే వెనుక అంచు దాకా రావచ్చు కనుక, పోల్చి చూసే ఉత్త రెక్కకు ముందు అంచు వెనుక సన్నని ఇసుక కాగితం పట్టీ అంటించి, సుళ్లు ముందుగానే పుట్టేలా చేయండి.

జవాబు 2 (గాలిమరల నిర్వహణ ఇంజనీరు, అనంతపురం జిల్లా)

వెనుక అంచు దగ్గర పుట్టే ఈ శబ్దం వేగంతో పాటు దాదాపు అయిదవ ఘాతంలో పెరుగుతుంది, అంటే వేగం సగమైతే 15 డెసిబెళ్లు తగ్గుతుంది. గాలిమర రెక్క కొస సెకనుకు 70, 80 మీటర్ల వేగంతో తిరుగుతుంది. గుడ్లగూబ అందులో పదో వంతు వేగంతోనే జారుతూ వస్తుంది. అందువల్ల పక్షి ప్రశాంతతనంతా నూగు ఖాతాలో వేయకూడదు. మా దగ్గర దుమ్ము, వాన కలిసి రెక్క ముందు అంచును ఎలా కొరికేస్తాయో చూసినవాడిగా, మెత్తని బట్ట అక్కడ ఒక్క వానాకాలం కూడా నిలవదని అనుకుంటున్నాను. పరిశ్రమ వెనుక అంచున రంపపు పళ్ల పట్టీలను ఎంచుకోవడానికి ఈ మన్నిక కూడా ఒక కారణం. అయితే ఊళ్లకు దగ్గరగా నిలిపిన మరల కింద రాత్రిపూట నిద్రపట్టని వారిని నేను ఎరుగుదును కనుక, రెండు మూడు డెసిబెళ్ల తగ్గుదల కూడా నాకు చిన్న విషయంగా తోచదు.

జవాబు 3 (పక్షి పరిశీలకుడు)

నల్లమలలోనూ కనిపించే చేపగూబకు ఈ మెత్తదనం, ముందు అంచు దువ్వెన బాగా తక్కువ. నీటిలోని చేపకు గాలిలో రెక్క చప్పుడు పెద్దగా వినిపించదు. చెవులు రిక్కించే ఎలుకను పట్టే జాతులకే అవి అవసరమయ్యాయి. మీ నివేదికలో ఈ పోలిక చేర్చండి.

ప్రశ్న అడిగిన విద్యార్థి

అందరికీ కృతజ్ఞతలు. వెల్వెట్ తీసివేసి, వెనుక అంచుకు ముందు భాగంలో మాత్రమే వలబట్టను సన్నని తీగలపై ఎత్తి కట్టి మళ్లీ చూస్తాము.

జవాబు 1 ఇచ్చినవారు

మంచిది. ముందుగా రెక్క లేకుండా ఉత్త టన్నెల్ చప్పుడును అన్ని వేగాల దగ్గర నమోదు చేయండి. వర్జీనియా టెక్‌లో టన్నెల్ పక్క గోడలుగా కెవ్లార్ అనే గట్టి కృత్రిమ నారతో నేసిన బట్టను బిగించి, ధ్వని దాని గుండా బయటి నిశ్శబ్ద గదుల్లోని మైకులకు చేరేలా చేశారు. గట్టి గోడల టన్నెల్‌లో ఫ్యాను మోత, ప్రతిధ్వని మీ రెక్క శబ్దాన్ని కప్పివేసి ఉండవచ్చు.