మహావిపత్తు తర్వాత మిగలవలసింది గింజా, మనిషా?

వేపచెట్టు:
ప్రపంచం కుప్పకూలితే ముందు కావలసింది విత్తనాలు. నార్వేలోని స్వాల్‌బార్డ్ దీవుల్లో 2008లో తెరిచిన విత్తన నిధి ఉన్నది అందుకే. మైనస్ 18 డిగ్రీల చలిలో పది లక్షలకు పైగా నమూనాలు భద్రంగా ఉన్నాయి. ఇంతకంటే మంచి ఏర్పాటు ఉంటే చెప్పండి.

తుప్పుబోల్టు:
ఆ మైనస్ 18 కరెంటు యంత్రం పుణ్యం. దాన్ని బాగుచేసేవాడు పోయాక?

వేపచెట్టు:
కరెంటు పోయినా చుట్టూ నేల ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది. సిరియా యుద్ధంలో అలెప్పో విత్తన నిధి అందకుండా పోతే, 2015లో స్వాల్‌బార్డ్ గింజలు తీసుకెళ్లి లెబనాన్, మొరాకోలలో మళ్లీ పండించారు. చదివి మాట్లాడండి.

తుప్పుబోల్టు:
గడ్డకట్టిన నేలా? 2016లో ఆ నిధి సొరంగం ముఖద్వారంలోకి నీళ్లు రాలేదా?

వేపచెట్టు:
గింజల దాకా రాలేదు!

ఏటిగట్టు:
ముందు తాగే నీళ్ల సంగతి తేల్చండి.

తుప్పుబోల్టు:
మీరు చెప్పిన 2015లో విమానాలు ఉన్నాయి, పంపేవారూ నాటేవారూ ఉన్నారు. అందరూ ఒకేసారి పడిపోతే? నేటి జనాభాలో దాదాపు సగం మంది తిండి కృత్రిమ నత్రజని ఎరువుల మీద ఆధారపడింది. దానికి అమ్మోనియా కావాలి. అది తయారు చేయాలంటే మామూలు గాలి పీడనానికి వందల రెట్లు తట్టుకునే పాత్రలు కావాలి. అది పుస్తకంలో చదివితే రాదు, చేతికి రావాలి. నేను ముప్పై ఏళ్లు కర్మాగారంలో పనిచేసి రాసుకున్న పుస్తకాలను, రిటైరైన వారానికే చెత్తలో పడేశారు. ఆరు నెలలకు యంత్రం ఆగింది, అప్పుడు ఫోను చేశారు.

వేపచెట్టు:
అంటే మీ బాధ భూగోళం గురించి కాదు, మీకు జరగని సన్మానం గురించి.

తుప్పుబోల్టు:
మీకు మనుషులంటే గిట్టదు, అందుకే తాళాలు ముద్దు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సేనలు రష్యా నగరం లెనిన్‌గ్రాడ్‌ను ముట్టడించినప్పుడు, అక్కడ విత్తనాలు దాచే వావిలోవ్ పరిశోధన సంస్థ గింజలను కాపాడింది తాళం కాదు. బస్తాల మధ్య ఆకలితో చచ్చిపోయినా గింజ ముట్టని ఉద్యోగులు కాపాడారు.

నీలిదీపం:
బయట ఊరంతా ఆకలితో చస్తుంటే ఆ గింజలు ఎవరివి?

వేపచెట్టు:
అదీ అసలు ప్రశ్న. వరదొచ్చినప్పుడు నా ఇంట్లో ధాన్యం తిన్న బంధువులే తర్వాత నాకు తలుపు తీయలేదు. ఇవాళ తినేవాడికి రేపటి గింజ అప్పగించను. మీరు అప్పగిస్తారా?

తుప్పుబోల్టు:
పసిపిల్లవాడు ఏడుస్తుంటే బస్తా విప్పుతాను. సగమే.

వేపచెట్టు:
మీ సగం నాకు నమ్మకం లేదు.

ఏటిగట్టు:
నీళ్ల సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.