మాస్టర్ నిట్టింగ్ (సూదులతో ఊలు అల్లడం) సర్టిఫికెట్ చేస్తున్నాను, నాకు డిస్లెక్సియా ఉంది. అది నడిపేవాళ్లకి చెప్పాలా? ఏమని అడగాలి?

ఊలుబంతి (డాలస్):

అందరికీ నమస్కారం అండి. ది నిట్టింగ్ గిల్డ్ అసోసియేషన్ వాళ్ల మాస్టర్ హ్యాండ్ నిట్టింగ్ ప్రోగ్రామ్‌లో మొదటి లెవెల్ మొదలుపెట్టాను. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, ఇది అమెరికాలో ఇంటి దగ్గరే ఉండి చేసుకునేది, మొత్తం మూడు లెవెల్స్. చిన్న చిన్న స్వాచ్‌లు (నమూనా ముక్కలు) అల్లాలి, ప్రశ్నలకి జవాబులు రాయాలి, మొదటి లెవెల్‌లో బ్లాకింగ్ (అల్లినదాన్ని తడిపి, ఆకారం కుదిర్చి ఆరబెట్టడం) మీద ఒక రిపోర్టు కూడా ఉంటుంది. అన్నీ పంపాక రివ్యూ చేసేవాళ్లు ఒక్కోదాని మీద కామెంట్లు రాస్తారు, సరిగ్గా లేనివి మళ్లీ చేసి పంపమంటారు.

అల్లడం నాకు ఇబ్బంది కాదు. చిన్నప్పుడే అమ్మ దగ్గర నేర్చుకున్నాను, చూపిస్తే ఏదైనా అల్లేస్తాను. తిప్పలన్నీ కాగితంతోనే. మా బాబుకి డిస్లెక్సియా అని తేలాక నేనూ టెస్ట్ చేయించుకుంటే నాకూ ఉందన్నారు, పైగా లెక్కల్లో తడబాటు. రాసిన ప్యాటర్న్‌లో కన్ను ఒక లైను నుంచి ఇంకో లైనులోకి జారిపోతుంది. చార్ట్ (ప్యాటర్న్‌ని గళ్లలో గుర్తులతో గీసింది) అయితే మరీ కష్టం, ముందు వైపు వరస కుడి నుంచి ఎడమకి, వెనక వైపు వరస ఎడమ నుంచి కుడికి చదవాలి కదా, అక్కడే ఆగిపోతున్నాను. రెండు స్టిచ్‌లని కలిపి ఒకటి చేసే తగ్గింపుల్లో కుడికి వాలేదానికీ ఎడమకి వాలేదానికీ గుర్తులు అటు గీత, ఇటు గీత, అంతే తేడా. నా కంటికి రెండూ ఒకటే.

ఇంట్లోవాళ్లు సరదాకి చేసేదానికి ఇంత టెన్షన్ ఎందుకంటున్నారు. నాకు ఇది సరదా ఒక్కటే కాదు, రేపు పదిమందికి నేర్పాలని ఉంది. నా సంగతి ప్రోగ్రామ్ వాళ్లకి చెబితే పోనీలే పాపం అని పాస్ చేస్తారేమో, అలా వచ్చిన సర్టిఫికెట్ నాకు వద్దు. చెప్పకపోతే ఆ రిపోర్టు దగ్గరే ఆగిపోతానేమో. ఎవరైనా ఈ దారిలో వెళ్లినవాళ్లు ఉంటే చెప్పండి.

సూదిమొన:

చెప్పండి, తప్పకుండా చెప్పండి. కాకపోతే ఏం అడుగుతున్నారో స్పష్టంగా ఉండాలి. స్వాచ్ ఎలా ఉండాలన్న దాంట్లో సడలింపు అడగకండి, మీకూ అది అక్కర్లేదు. సమాచారం మీ దగ్గరికి ఎలా రావాలి, మీ జవాబు వాళ్ల దగ్గరికి ఎలా వెళ్లాలి, ఈ రెండిట్లోనే అడగండి. సూచనలు ఫోన్ చదివి వినిపించగలిగే ఫైలుగా ఇస్తారా, చార్ట్ పెద్దది చేసి రంగులతో మళ్లీ గీసుకుని వాడుకోవచ్చా, జవాబులు నోటితో చెప్పి టైప్ చేయించుకోవచ్చా, కామెంట్లు చేతిరాతలో కాకుండా టైప్ చేసి పంపగలరా అని ఒక చిన్న మెయిల్ పెట్టండి. డాక్టర్ కాగితాలన్నీ మొదటి మెయిల్‌లోనే జత చేయనక్కర్లేదు, అడిగితే అప్పుడు చూద్దురుగాని.

పోనీలే అని పాస్ చేస్తారన్న భయం మాత్రం వద్దండి. వాళ్లు చూసేది అల్లికని. స్టాకినెట్ (ఒక వరస నిట్, అంటే మామూలు స్టిచ్, ఒక వరస పర్ల్, అంటే దాన్ని తిరగేసిన స్టిచ్) స్వాచ్‌ని వెనక్కి తిప్పి చూడండి, పర్ల్ వరసలు నిట్ వరసల కంటే వదులుగా పడితే గట్లు జతలు జతలుగా కనిపిస్తాయి, జతకీ జతకీ మధ్య సందు ఉంటుంది. అలా ఉంటే ఎవరు అల్లినా కామెంట్ తప్పదు. పర్ల్ వరసలకి ఒక సైజు తక్కువ సూది వాడి చూడండి, చాలామందికి సరిపోతుంది. ఇలాంటి విషయాల్లో మీకు చదువు అడ్డం కాదు, మీ చేతికి ముందే తెలుసు.

గళ్లకాగితం:

చార్ట్ గురించి నేను చెప్తాను, నాదీ ఇదే తంటా. ముందు వైపు వరసల నంబర్లు చార్ట్‌కి కుడి పక్కన, వెనక వైపు వరసల నంబర్లు ఎడమ పక్కన వేస్తారు. కాబట్టి కుడా ఎడమా అని ఆలోచించడం మానేసి, నంబర్ ఎటు ఉంటే అటు నుంచి మొదలుపెట్టండి. అటూ ఇటూ తిప్పి అల్లే చార్ట్‌లో నంబర్లు ఒకే పక్కన ఉంటే, వెనక వైపు వరసలవి ముందు మీరే ఎడమ పక్కన రాసుకోండి.

స్టిక్కీ నోట్‌ని అల్లుతున్న వరసకి పైన అంటించండి, కింద కాదు. చాలామంది కింద పెడతారు, నాకైతే అది దండగ. పైన పెడితే ఇంకా అల్లని వరసలు మూసుకుపోతాయి, కింద అల్లేసినవి కనిపిస్తూ ఉంటాయి, సూది మీదున్న బట్టతో పోల్చుకోవచ్చు. తగ్గింపుల గుర్తులకి రంగులు వేయండి, కుడికి వాలేదానికి ఆకుపచ్చ, ఎడమకి వాలేదానికి నారింజ, సూది మీద ఆ చోట పెట్టే మార్కర్ కూడా అదే రంగుది. అప్పుడు గీత ఎటు వాలిందో చదవాల్సిన పనే లేదు. లేసు అల్లేటప్పుడు ప్రతి రిపీట్ (మళ్లీ మళ్లీ వచ్చే డిజైన్ ముక్క) చివర సూది మీదున్న స్టిచ్‌లన్నిటిలోంచీ ఒక లైఫ్‌లైన్ దారం దూర్చి ఉంచండి, విప్పాల్సి వస్తే అక్కడిదాకానే.

లెక్కలకి ఒక కాగితం మీద గళ్లు గీసి పెట్టుకోండి, ఒక్కో గడికి ఒక్కటే పని. 4 అంగుళాలకి 22 స్టిచ్‌లు వచ్చాయి, తర్వాతి గడిలో 22ని 4తో భాగిస్తే 5.5, తర్వాతి గడిలో కావలసిన వెడల్పు 40 అంగుళాలు, చివరి గడిలో 5.5ని 40తో గుణిస్తే 220 స్టిచ్‌లు. మనసులో ఏదీ మోయకండి. మూడో లెవెల్‌లో స్వెటర్ మీరే డిజైన్ చేయాలి, ఆ కాగితం అప్పుడు చాలా ఆదుకుంటుంది.

గోదావరిగట్టు:

నేను విజయవాడలో స్పెషల్ ఎడ్యుకేటర్‌ని, మాది నర్సాపురం దగ్గర. అక్కడ లేసు అల్లే ఆడవాళ్లు కాగితం ముట్టరు, నమూనా చేతిలో పట్టుకుని చూసి అల్లుతారు. అది క్రోషే, ఒకే కొక్కెం సూదితో అల్లేది, మీది నిట్టింగ్, అయినా చూసి అల్లగలగడం తక్కువ చదువు కాదండి.

రిపోర్టు కూడా అలాగే మొదలుపెట్టండి. ముందు పుస్తకాలు తెరవకండి. ఒకే ఊలుతో రెండు స్వాచ్‌లు అల్లి, ఒకటి తడిపి పిన్నులు పెట్టి ఆరబెట్టండి, ఇంకోటి అలాగే ఉంచండి. రెండూ ఎదురుగా పెట్టుకుని ఏం మారిందో తెలుగులోనే ఫోన్‌కి చెప్పి రికార్డు చేయండి. ఆ తర్వాత పుస్తకం వింటూ, మీరు చూసిందానికి కారణం ఎక్కడ దొరికితే ఆ పేజీ నంబర్ వెంటనే రాసుకోండి, ఎందుకంటే ఆధారాలు చూపించాల్సి వచ్చినప్పుడు వెనక్కి వెళ్లి వెతకడమే మనలాంటివాళ్లని చంపేస్తుంది (నాకూ డిస్లెక్సియానే). ఇంగ్లీషులోకి మార్చాక స్పెల్లింగ్ ఎవరైనా చూడొచ్చా అని ఆ మెయిల్‌లోనే అడిగేయండి. విషయం మీదే ఉండాలి, అక్షరాలు ఇంకొకరు దిద్దితే ఎంతవరకు ఒప్పుకుంటారో ముందే తెలిస్తే మంచిది.

ఊలుబంతి (డాలస్):

చాలా థాంక్స్ అండి అందరికీ. నంబర్ ఎటు ఉంటే అటు అన్న మాట ఇన్నేళ్లలో నాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడే ఒక కేబుల్ (జడలాంటి డిజైన్) చార్ట్ మీద పెట్టి చూశాను, వెనక వరస దగ్గర ఆగలేదు. మెయిల్ రాశాను, స్పెల్లింగ్ సంగతి కూడా అడిగాను. జవాబు రాగానే ఇక్కడే పెడతాను.